చెట్టు కింద మిగిలిన చెప్పులు

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఈ మాట ముందే చెప్పుకోవాలి. ఎందుకంటే ఇది చదివాక "నువ్వు గూడనా బాలరాజూ" అని నవ్వేవాళ్లు మా ఆఫీసులోనే చాలామంది ఉన్నారు. నేను గద్వాలలో లైన్‌మన్‌గా పనిచేస్తాను. కరెంటు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు, మధ్యలో ఇంకోటి ఉండదు. అంత కచ్చితమైన దానితో ఇన్నేళ్లు కాపురం చేసినవాడికి దయ్యాల మీద గౌరవం ఎక్కణ్నుంచి వస్తుంది?

పైగా దయ్యాన్ని వెళ్లగొట్టిన చరిత్ర కూడా నాకుంది. వీపనగండ్లలో పనిచేసే రోజుల్లో ఒక ఇంట్లో స్విచ్ ఆపినా బల్బు సన్నగా వెలుగుతోందని గుమ్మాలన్నిటికీ నిమ్మకాయలు కట్టారు. ఇంటి పెద్దాయన పోయి నెల కూడా కాలేదట, ఆయనే వచ్చి కూర్చుంటున్నాడని ఆడవాళ్లు ఏడుస్తున్నారు. నేను వెళ్లి బోర్డు విప్పి చూస్తే, వైరింగ్ చేసినవాడు ఫేజుకు పెట్టాల్సిన స్విచ్‌ను న్యూట్రల్‌కు పెట్టాడు. తీగలు మార్చాను, పెద్దాయన వెళ్లిపోయాడు. వాళ్లింట్లో మిగిలిన నిమ్మకాయలతో షర్బత్ చేయించుకుని తాగి మరీ వచ్చాను.

తర్వాత ఎవరు దయ్యం కథ మొదలుపెట్టినా ఆ షర్బత్ సంగతి చెప్పి నోరు మూయించేవాణ్ని. భయపడేవాడికి తాడే పాము అని వెక్కిరించేవాణ్ని. అలాంటివాణ్ని ఇప్పుడు ఇది రాస్తున్నాను. రాయకపోతే మనసు ఒక చోట నిలవడం లేదు.

ముందు మా పని గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు.

వానలు మొదలయ్యే ముందు మాకు చెట్లు కొట్టే పని ఉంటుంది. మా వైపు ఎండాకాలం చివర సాయంత్రాలు గాలిదుమారం లేస్తుంది. కొమ్మలు తీగలకు తగిలి నిప్పురవ్వలు రాలతాయి, లైన్లు తెగి పడతాయి. అందుకని లైన్ల కింద, పక్కన ఉన్న కొమ్మలు ముందే కొట్టేస్తాం. కొట్టకపోతే "జర గాలొస్తే చాలు కరెంటు తీస్తరు" అని తిడతారు. కొట్టబోతే "మా ఇంటి నీడ పోగొడ్తున్రు" అని తిడతారు. తిట్లు మా జీతంలో ఒక భాగమని సర్దుకుపోవడమే.

చెట్టెక్కే ముందు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి, నా పేరు చెప్పి లైన్ ఆపిస్తాను. దీన్ని ఎల్‌సీ తీసుకోవడం అంటాం. పొరపాటున ఎక్కణ్నుంచైనా కరెంటు వచ్చినా మనిషికి తగలకుండా, తీగల మీదికి ఎర్తింగ్ గొలుసు వేస్తాం. పని అయ్యాక గొలుసు తీసేసి, ఎల్‌సీ ఎవరు తీసుకున్నారో వాళ్లే మళ్లీ ఫోన్ చేయాలి. "మనుషులందరు దిగిండ్రు, తీగల మీద ఎవ్వరు లేరు" అని వాళ్ల నోటితోనే చెప్పాలి. ఆ మాట వినందే ఆపరేటర్ లైన్ వేయడు. ఎక్కినవాళ్ల ప్రాణాలన్నీ ఆ ఒక్క మాట మీదే ఉంటాయి.

ఈ పని నాకు నేర్పినవాడు దేవదానం. మా అందరికీ దేవన్న. మనిషి పొట్టి, గొంతు పెద్దది. ఆయన స్తంభం మీద ఉండగా కింద ఎవరైనా ముచ్చట్లు పెడితే పైనుంచే తిట్లు కురిపించేవాడు. దిగాక మళ్లీ ఆయనే అందరికీ టీ తాగించేవాడు.

చెట్టెక్కేవాళ్లు చెప్పులు విడిచి చెట్టు మొదట్లో పెట్టాలన్నది ఆయన పెట్టిన కట్టుబాటు. దిగాక ఎవరి చెప్పులు వాళ్లు తొడుక్కోవాలి. చెట్టు మొదట్లో ఒక్క జత మిగిలి ఉన్నా సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేయకూడదు. గుబురులో మనిషి కనబడకపోవచ్చు, పిలిచినా వినబడకపోవచ్చు. "మనిషి అవద్దమాడ్తడు, చెప్పులాడవు. ఫస్టు చెప్పులు సూడు, అటెన్క ఫోన్ ముట్టు" అనేవాడు. ఇప్పుడు మాకు బూట్లు ఇచ్చారు, బెల్టులు ఇచ్చారు, టోపీలు ఇచ్చారు. అయినా వేప బెరడు మీద బూటు జారుతుంది, వట్టి కాలైతే పట్టు దొరుకుతుంది. కాబట్టి మా గ్యాంగులో ఇప్పటికీ చెప్పులే, ఇప్పటికీ చెట్టు మొదట్లోనే.

దేవన్న తొడిగేవి టైరు చెప్పులు. ఎడమ చెప్పు వార తెగితే కుట్టించకుండా ఎర్ర ఇన్సులేషన్ టేపు చుట్టి కానిచ్చేవాడు. ఆ మాటకొస్తే కరెంటు పని చేసేవాళ్లలో సగం మంది చెప్పులకూ, బండి హ్యాండిళ్లకూ, కళ్లద్దాలకూ ఆ టేపే కనిపిస్తుంది. దాన్నిబట్టి ఫలానా వాళ్ల వస్తువని తేల్చలేం.

ఆయన రిటైరై ధరూర్‌లో ఉంటున్నాడు. పోయిన చలికాలం పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది, మాట కూడా పోయింది. కర్నూలు దవాఖానలో కొన్నాళ్లు ఉంచి ఇంటికి తెచ్చారు. అప్పటినుంచి మంచానికే అంకితం. ఆయన భార్య శాంతమ్మ వదినే అన్నీ చూసుకుంటోంది. నేను అప్పుడప్పుడూ వెళ్లి కాసేపు కూర్చుని వచ్చేవాణ్ని. ఆయన నన్ను గుర్తుపట్టేవాడో లేదో కూడా తెలిసేది కాదు.

ఇక అంజి సంగతి. అంజి మా చెల్లెలు సుజాత భర్త. వాళ్లది వడ్డేపల్లి. వానను నమ్ముకున్న చేను, పండితే పండినట్టు లేకపోతే లేదు. పెళ్లయినప్పటి నుంచి అంజి పుణెకు సెంట్రింగ్ పనికి పోయేవాడు. ఒకసారి అతను ఇంటికొస్తే కూతురు తండ్రిని గుర్తుపట్టక ఏడుస్తూ తలుపు వెనకాల దాక్కుందట. సుజాత ఆ మాట చెప్పి ఏడ్చింది. నేనే పూనుకుని కాంట్రాక్టు మేస్త్రీతో మాట్లాడి అంజిని మా చెట్లు కొట్టే గ్యాంగులో చేర్పించాను. "నీ కండ్ల ముంగటనే ఉంటడు గదన్నా, నాకు ధైర్నం" అంది సుజాత. ఆ మాట నాకు పని మొదలైన రోజు నుంచీ మెడలో రాయిలా ఉండేది. నా పూచీ మీద తెచ్చిన మనిషి. ఏదైనా అయితే చెల్లెలి ముఖం ఎలా చూడను అనుకుంటూ, అతను ఎక్కిన ప్రతి చెట్టు కిందా నేనే నిలబడేవాణ్ని.

ఆ రోజు పని గద్వాలలో ఒక ఇరుకు వీధిలో. వీధి చివర పిండి గిర్ని, దాని పక్కన ఒక మేడ, మేడ ముందు గోడను ఆనుకుని పెద్ద వేపచెట్టు. చెట్టు తల మీదుగా పదకొండు కేవీ లైను, అంటే పదకొండు వేల వోల్టులు. కొమ్మలు సగం వీధి వైపు, సగం మేడ వైపు. ముందు రోజు సాయంత్రం గాలికి కొమ్మ తీగకు కొట్టుకుని వీధంతా కరెంటు పోయింది. పొద్దున్నే ఎల్‌సీ తీసుకుని, వీధి మలుపు అవతల ఉన్న స్తంభం దగ్గర గొలుసు వేసి పని మొదలుపెట్టాం.

నాకు పొద్దున్నుంచే కుదురు లేదు. ఎందుకో చెప్పలేను. కాలుగాలిన పిల్లిలా చెట్టు చుట్టూ తిరుగుతున్నాను. నీళ్లు తాగినా దాహం తీరదు, నీడలో నిలబడినా నిలబడినట్టు ఉండదు. దీన్ని శకునమని అనను. ముందు రాత్రి ఉక్కకు నిద్ర లేదు, పొద్దున కడుపులో ఏమీ పడలేదు, అంతే అనుకున్నాను.

ఎండ మాడ్చేస్తోంది. ఇళ్లలో ఫ్యాన్లు లేక జనమంతా గడపల్లోకి వచ్చి కూర్చున్నారు. గిర్ని ముందు జొన్నల సంచులు వరుసలో పెట్టుకుని ఆడవాళ్లు ఎదురుచూస్తున్నారు. ఒక్కో కొమ్మ కింద పడినప్పుడల్లా గిర్ని ఆయన బయటికి వచ్చి "ఐపాయెనా అన్నా" అంటాడు. మా సార్ రెండు మూడు సార్లు ఫోన్ చేశాడు. ఒక ముసలమ్మ మేకల కోసం పడిన మండలు గుంజి మోపు కడుతోంది. మేం ఎక్కడ చెట్టు కొట్టినా మేకలవాళ్లకు కబురు దానంతట అదే వెళుతుంది.

చెట్టెక్కింది అంజి, కుర్మయ్య. కుర్మయ్య మా గ్యాంగులో అందరికన్నా పాతవాడు. వీధి వైపు కొమ్మలన్నీ కొట్టేశారు. మేడ వైపు గుబురు లైనుకు ఇంకా తగలడం లేదు కాబట్టి దాన్ని వదిలేద్దామన్నాను. ఇద్దరూ దిగారు. ఇద్దరూ నా కళ్ల ముందే చెప్పులు తొడుక్కున్నారు. అంజివి నీలం రంగు హవాయి చెప్పులు. అతను ఖాళీ సీసా పట్టుకుని నీళ్ల కోసం మేడ వైపు వెళ్లడం కూడా చూశాను. చెట్టు మొదట్లో చూశాను. ఆకులూ, రాలిన వేపపండ్లూ తప్ప ఏమీ లేవు. ఇది నేను ఎవరి ముందైనా ఒట్టేసి చెప్పగలను.

వీధి మలుపు దాటి స్తంభం దగ్గరికి వెళ్లి గొలుసు తీశాను. తిరిగి వస్తూనే సబ్‌స్టేషన్‌కు ఫోన్ కలిపాను. అవతల రింగవుతోంది. దగ్గర్లోని మసీదులో మధ్యాహ్నం అజాన్ మొదలైంది. చెట్టు దగ్గరికి వచ్చాను. అలవాటు కొద్దీ ఇంకోసారి మొదట్లోకి చూశాను.

చెప్పుల జత ఉంది.

పక్కపక్కనే, ముందు భాగాలు చెట్టు వైపు ఉండేలా, ఎక్కేవాడు ఎలా విడుస్తాడో అలా ఉన్నాయి. టైరు చెప్పులు. ఎడమదాని వారకు ఎర్ర టేపు.

ఆ క్షణంలో నాకు దేవన్న గుర్తు రాలేదు. ఇది నిజం. నాకు వచ్చింది కోపం. ఏనుగు పోయి తోక చిక్కినట్టు, అంతా అయిపోయాక ఇప్పుడు ఇదేం లొల్లి అనుకున్నాను. ఫోన్ కట్ చేశాను.

"ఎవ్వరియిరా ఇయి?" అని అరిచాను.

"నాయి నా కాళ్లకే ఉన్నయన్నా" అని కుర్మయ్య కాలెత్తి చూపించాడు. కొమ్మలు మోసే ట్రాక్టర్ డ్రైవర్ బండి మీదనుంచే, మేస్త్రీ దాని పక్కనుంచీ తమ కాళ్లు చూపించారు. మండలు గుంజుతున్న ముసలమ్మ తల ఎత్తింది.

"అడ్డమున్నయని ఇందాక నేనే జరిపి మల్ల ఆడ్నే పెట్టిన బిడ్డా" అంది. "ఇప్పుడే ఇడిసినట్ల ఎచ్చగున్నయ్."

ఆ మాట నాకు నచ్చలేదు. ఆ ఎండలో వెచ్చగా లేనిదేముంది అని సర్దుకున్నాను. కానీ చెట్టు మొదట్లో నీడే ఉంది. అంజి ఎక్కడని అడిగితే, నీళ్లు తాగనీకె పోయిండని కుర్మయ్య చెప్పాడు. అది నేనూ చూసిందే. చెప్పులు తొడుక్కునే వెళ్లాడు. కాబట్టి నా మనసు అంజి మీదికి పోనేలేదు.

గిర్ని ఆయన చెప్పుల దగ్గరికి వచ్చాడు. "ఎవలన్న మర్సిపోయింటరు తీయన్నా. కరెంటియ్యమను, జనం సస్తున్రు" అంటూ వాటిని కాలితో పక్కకు నెట్టబోయాడు.

"ముట్టకు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన కాలు వెనక్కి తీసుకున్నాడు.

అంతలో సబ్‌స్టేషన్ నుంచి ఆపరేటరే తిరిగి ఫోన్ చేశాడు. "ఏందన్నా, కట్ చేస్తివి? అందరు దిగిండ్రా?"

రోజూ అడిగే ప్రశ్నే. రోజూ చెప్పే జవాబు నాలుక చివరే ఉంది. దిగిండ్రు అంటే అయిపోయేది. చుట్టూ జనం నా నోటి వైపే చూస్తున్నారు. మొదట్లో చెప్పులు ఉండగా ఆ మాట నేను ఎన్నడూ అనలేదు, ఆ రోజూ అనలేకపోయాను.

"జర ఆగు. నేను మల్ల చేసేదాంక లైన్ ముట్టకు" అన్నాను.

తల ఎత్తి "పైన ఎవరున్నరు?" అని కేకేశాను. జవాబు లేదు. వీధి వైపు కొమ్మలు పోయి ఆకాశం కనిపిస్తోంది, మేడ వైపు మాత్రం గుబురు గుబురుగానే ఉంది. ఉండబట్టలేక, మిద్దె మీదనుంచి చూద్దామని మేడలోకి వెళ్లాను. నా చాదస్తానికి నన్ను నేనే తిట్టుకుంటూ మెట్లెక్కాను.

మిద్దె మీద అంజి కనిపించాడు.

ఒక కాలు పిట్టగోడ మీద, ఒక కాలు కొమ్మ చీలిక మీద ఉంది. పళ్ల మధ్య తాడు కరిచి పట్టుకున్నాడు. కుడి చేయి కొమ్మలో దిగబడిపోయిన గొడ్డలి మీద ఉంది. ఎడమ చేయి పైకి చాచి లైను తీగ పట్టుకున్నాడు. బస్సులో నిలబడినవాడు పైన రాడ్ పట్టుకుంటాడే, అలా పట్టుకున్నాడు.

గట్టిగా అరిస్తే ఉలిక్కిపడి పడిపోతాడు. అరవలేదు. "అంజీ, తీగ ఇడువు. నిమ్మలంగ దిగు" అన్నాను.

అతను తీగ వదిలి మిద్దె మీదికి దిగి, నోట్లో తాడు తీశాడు. "గొడ్డలి ఆడ్నే మర్సిన బావా. మేస్త్రీ తిడ్తడని వచ్చిన. నువ్వు పిలిస్తే ఇనొచ్చింది గాని, నోట్లె తాడుండె. గొలుసు ఉన్నది గదా, ఏం గాదనుకున్న."

"గొలుసు తీసిన" అన్నాను.

అతను తల ఎత్తి తీగ వైపు చూశాడు. నేను చెంప మీద ఒక్కటి కొట్టాను. చెల్లెలి భర్త, కాళ్లు కడిగి పిల్లనిచ్చిన మనిషి. కొట్టాను. తర్వాత అదే చేత్తో అతని భుజం పట్టుకుని అక్కడే కూలబడ్డాను. ఆపరేటర్‌కు దిగిండ్రు అని చెప్పి ఉంటే ఏమయ్యేదో నా కళ్ల ముందు కనబడుతూనే ఉంది. వడ్డేపల్లిలో సుజాత ఇంటి ముందు వేసే షామియానా కూడా కనబడింది.

"చెప్పులెందుకు ఇడ్వలేదురా?" అని అడిగాను.

"చెట్టెక్కలే గదా బావా. మిద్దె మీదికెంచి పోయిన" అన్నాడు.

తప్పు పట్టడానికి లేదు. దేవన్న కట్టుబాటు చెట్టెక్కేవాడికే. మిద్దె మీదనుంచి కొమ్మ మీదికి పోయేవాడి సంగతి అందులో లేదు. ఇన్నేళ్లలో ఆ కంత మాకెవరికీ కనబడలేదు.

మెట్లు దిగుతుంటే అప్పుడు తట్టింది. పైన ఉన్న మనిషి చెప్పులు అతని కాళ్లకే ఉన్నాయి. లెక్క ప్రకారం మొదట్లో ఒక జత ఉండాలి. ఆ ఉండాల్సిన జత బదులు ఇంకెవరిదో జత ఉంది. వారకు ఎర్ర టేపు ఉన్న టైరు చెప్పులు ఎవరివో అప్పుడే గుర్తొచ్చింది.

దగ్గరికి వచ్చేసరికి చెట్టు మొదట్లో చెప్పులు లేవు.

కుర్మయ్యను అడిగాను. తాను ట్రాక్టర్‌లో కొమ్మలు సర్దుతున్నానన్నాడు. గిర్ని ఆయన తాను ముట్టలేదన్నాడు. ముసలమ్మను అడిగితే పాదాలు చూపించి, తన మోపు కూడా విప్పి చూసుకొమ్మంది. నేను సిగ్గు లేకుండా మోపు విప్పి చూశాను కూడా. మండలే ఉన్నాయి. చెప్పులు ఉన్నాయని మాత్రం ముగ్గురూ ఒప్పుకున్నారు. ఎర్ర టేపు సంగతి నేను చెప్పకముందే గిర్ని ఆయనే చెప్పాడు. కాబట్టి అది నా ఒక్కడి కంటి భ్రమ కాదు. ఎవరు తీసుకెళ్లారో ఎవరూ చూడలేదు.

అందరి కాళ్లూ చూశాను, నావి కూడా చూసుకున్నాను. చెట్టు మొదలు ఇంకోసారి చూశాను. మేస్త్రీని, డ్రైవర్‌ని, కుర్మయ్యను, అంజిని నా ఎదురుగా వరుసగా నిలబెట్టి అప్పుడు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేశాను. కరెంటు వచ్చింది. గిర్ని తిరిగింది. జనం ఇళ్లలోకి వెళ్లిపోయారు. వాళ్లకు ఆ రోజు కరెంటు కొంచెం ఆలస్యమైంది, అంతే.

మిగతా పని వేరేవాళ్లకు అప్పజెప్పాను. అంజిని ఇంటికి పంపిద్దామంటే ఒక్కణ్ని పంపడానికి మనసొప్పలేదు. బండి వెనకాల ఎక్కించుకున్నాను. బండి ధరూర్ దారి పట్టింది. దున్ని పెట్టిన చేలు వాన కోసం ఎదురుచూస్తున్నాయి. దారంతా అంజి చేయి నా భుజం మీదే ఉంది. ఆ చేయి బరువు తెలుస్తున్నంతసేపూ నాకు ధైర్యంగా ఉంది.

వెళ్లేసరికి ఇంకా ఎండ ఉంది. శాంతమ్మ వదిన వాకిట్లో బియ్యం చెరుగుతోంది. నన్ను చూడగానే చేట పక్కన పెట్టింది.

"మంచిగొచ్చినవ్ తమ్మీ. ఇయ్యాల పొద్దటికెంచి మీ అన్నకు నెమ్మది లేదు" అంది. నేనేమీ అడగలేదు. ఆమే చెప్పుకుపోయింది. "చెప్పుల దిక్కు చెయ్యి సూపెడ్తుండు. నడ్వనీకె రాదాయె, చెప్పులేం జేస్కుంటవంటే ఇనడు. సరేనని తొడిగిన. జరసేపు ఊకుండు. మల్ల ఎడమ కాలుతోని రెండు నూకేసిండు. తియ్యబోతే నా మీద కండ్లెర్రజేసిండు. మంచం కింద గట్లనే పక్కపక్కన పెట్టుమని సైగ జేసిండు. గదేం పిచ్చో తెల్వదు."

"ఎప్పుడు వదినా?"

"పగటీలి అజాన్ ఇనొస్తుండె. చానసేపు గట్లనే కండ్లు మిద్దె దిక్కు పెట్టి సూస్తుండె. అటెన్క ఆయ్నే చెయ్యి సూపెట్టి తొడ్గిచ్చుకుండు. గప్పుడు పండుకుండు, ఇగ లేవలే."

ధరూర్ మసీదూ గద్వాల మసీదూ ఒకటి కాదు. రెండు చోట్లా అజాన్ ఒకే నిమిషానికి మొదలు కాకపోవచ్చు. ఆమె చెప్పిన 'చానసేపు' ఎంతో నాకు తెలియదు. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను.

లోపలికి వెళ్లాం. దేవన్న నిద్రపోతున్నాడు. మంచం మీద చెప్పులతోనే పడుకుని ఉన్నాడు. టైరు చెప్పులు, ఎడమదానికి ఎర్ర టేపు. వంగి చూశాను. అడుగున వేపపండు గుజ్జు అంటుకుని ఉంది, ఇంకా పూర్తిగా ఎండలేదు.

వెంటనే బయటికి వచ్చి చుట్టూ చూశాను. పక్కింట్లో వేపచెట్టు ఉంది. ఆ పండ్లు వాకిట్లోకీ రాలతాయి. చెప్పులు నేల మీద ఉన్నప్పుడు అంటి ఉండవచ్చు. కాబట్టి దాన్ని సాక్ష్యమని చెప్పను. ఆ చెట్టును చూశాక నాకు కొంచెం ఊపిరి ఆడిన మాట కూడా నిజమే.

మళ్లీ లోపలికి వెళ్లేసరికి దేవన్న కళ్లు తెరిచి ఉన్నాయి. నన్ను చూడటం లేదు. నా వెనకాల ఉన్న అంజిని చూస్తున్నాడు. ఆయన అంజిని అంతకుముందు ఎన్నడూ చూడలేదు. అంజి పనిలో చేరేసరికే ఆయన మంచాన పడ్డాడు. ముఖం కాసేపు చూసి, చూపు కిందికి దించాడు. అంజి కాళ్ల దగ్గర ఆగాడు.

అందరిలాగే అంజి చెప్పులు గడప బయట విడిచి వచ్చాడు. వట్టి కాళ్లతో నిలబడి ఉన్నాడు.

దేవన్న గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. ఎడమ చేయి పైకి లేచింది. ఆ చేయి అంజి కాళ్లనే చూపిస్తోంది. మంచం మీదనుంచి లేవాలని చూస్తున్నాడు. శాంతమ్మ వదిన భుజాలు పట్టుకుంది, ఆగడం లేదు. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. అంజి భయపడి గోడకు ఆనుకున్నాడు. నాకు అర్థమైంది. చెప్పులు లేని కాలంటే ఆయన లెక్కలో ఇంకా పైనే ఉన్న మనిషి.

"అంజీ, పోయి చెప్పులు తొడుక్కొని రా" అన్నాను.

"ఇంట్లకా బావా?" అన్నాడు. గోడకు యేసు ప్రభువు పటం ఉంది, దాని కింద బైబిలు ఉంది.

"తొడుక్కొని రా."

శాంతమ్మ వదిన వద్దనలేదు. అంజి బయటికి వెళ్లి, నీలం చెప్పులు తొడుక్కుని వచ్చి మంచం దగ్గర నిలబడ్డాడు. దేవన్న ఆ కాళ్లను చూశాడు. ఒకదాన్ని, తర్వాత ఇంకోదాన్ని చూశాడు. చేయి మెల్లగా దిగింది. పెద్దగా ఊపిరి వదిలి తల దిండు మీద వాల్చాడు. అప్పుడు నా వైపు చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. పని ముగిశాక ఫోన్ చేయమని చెప్పే చూపు అది.

నాకు ఏడుపు ఆగలేదు. అంజి అయితే మంచం కోడు పట్టుకుని కింద కూర్చుండిపోయాడు.

తర్వాత నేను చాలా రకాలుగా ఆలోచించాను. ఎవరో దారినపోయే కరెంటు మనిషి నీడకు వచ్చి చెప్పులు విడిచి, మేం చూడనప్పుడు తొడుక్కుని వెళ్లి ఉండవచ్చు. పక్షవాతం వచ్చినవాళ్లు పాత పని గుర్తొచ్చి అలా చేస్తారని కర్నూలు డాక్టరు శాంతమ్మ వదినతో అన్నాడట. కొత్త మనిషిని చూసి దేవన్న కంగారు పడి ఉండవచ్చు. ఒక్కోటి విడిగా తీసుకుంటే ఏ మాటా కొట్టేయలేం. అవన్నీ కలిసి ఒకే పూట ఎందుకు జరగాలి? ఆ వీధిలో మళ్లీ మళ్లీ అడిగాను. ఆ చెప్పులు తమవని ఎవరూ రాలేదు.

సుజాతకు అంజి అంతా చెప్పేశాడు. ఆమె ఫోన్ చేసింది. "అన్నా, గాయ్న కాళ్లకు మొక్కొస్త" అంది. ఆమె వచ్చేదాకా ఆయన లేడు. మంచి వాన పడిన రోజుల్లో, నిద్రలోనే దేవన్న పోయాడు.

ధరూర్‌లో శవపెట్టె మూసే ముందు శాంతమ్మ వదిన ఆ టైరు చెప్పులు చేతిలో పట్టుకుని, వాటిని ఏం చేయాలో తెలియక నిలబడింది. నేను నోరు తెరిచేలోపే అంజి వచ్చి తీసుకున్నాడు. మోకాళ్ల మీద కూర్చుని కుడి కాలికి తొడిగాడు. తర్వాత ఎడమ కాలికి తొడిగి, ఊడిపోతున్న ఎర్ర టేపును బొటనవేలితో అదిమాడు.

నాకు తెలియకుండానే వంగి, పెట్టె పెట్టిన బల్ల కింద చూశాను. ఏమీ లేవు. రోజూ సబ్‌స్టేషన్‌కు చెప్పే మాటే నోట్లోకి వచ్చింది. "మనుషులందరు దిగిండ్రు" అన్నాను, ఎవరికీ వినబడకుండా.

దయ్యాల మీద నాకు ఇప్పటికీ నమ్మకం లేదు. ఆ మాట ఎవరికి చెప్పానో మాత్రం నాకు తెలియదు.